చిట్టాలో రెండు పేర్లు

నేను చదివింది బి.ఏ. జంతువుల వర్గీకరణ అంటే పచారీ కొట్టు చిట్టాలా ఉంటుందని నా అభిప్రాయం. మొన్న మా అమ్మాయికి పాఠం చెప్పబోయి ఆ చిట్టాలో ఇద్దరి దగ్గర ఆగిపోయాను. ఒకటి, యూరప్ గడ్డిమైదానాల్లో బొరియలు తవ్వుకుని బతికే నేల ఉడుత. రెండోది, ఉత్తర అట్లాంటిక్‌లో తిరిగిన గ్రేట్ ఆక్ అనే సముద్రపక్షి.

ఇద్దరికీ శాస్త్రీయనామం పెట్టింది ఒక్కరే, స్వీడన్ దేశపు లిన్నేయస్. 1758లో పక్షికి పెట్టాడు. 1766లో ఉడుతను మాత్రం ఏకంగా ఎలుకల్లో కలిపేశాడు! తర్వాతివాళ్ళు దిద్దారు లెండి. ఇప్పుడది ఉడుతల కుటుంబమే. మన పెరట్లో జామచెట్టెక్కే చారల ఉడుతకి దూరపు చుట్టం.

పక్షి కథ ఇంకా చిత్రం. 'పెంగ్విన్' అన్న పేరు మొదట దానిదే. దక్షిణ సముద్రాల్లో అలాంటి ఎగరలేని పక్షులు కనబడితే నావికులు వాటినీ అలాగే పిలిచారు. రెంటికీ దగ్గరి చుట్టరికమేమీ లేదు. అసలుది పోయింది, పేరు మాత్రం పరాయివాళ్ళకి మిగిలింది.

ఎలా పోయిందంటారా? మాంసానికీ, పరుపుల్లో ఈకలకీ చంపారు. అరుదైపోయాక, అరుదైనది కనక కావాలన్నారు సేకరించేవాళ్ళు. 1844 జూన్‌లో ఐస్‌లాండ్ దగ్గర ఎల్డే దీవిమీద, మనకు తెలిసిన ఆఖరి జంటను చంపేశారు. 1858లో ఆల్‌ఫ్రెడ్ న్యూటన్, జాన్ వూలీ దాన్ని వెతుక్కుంటూ ఐస్‌లాండ్ వెళ్ళారు. పక్షి దొరకలేదు, చంపినవాళ్ళు చెప్పిన కథ దొరికింది. న్యూటన్ ఊరుకోలేదు. సముద్రపక్షుల తరఫున గట్టిగా మాట్లాడాడు. 1869లో బ్రిటన్‌లో వాటి రక్షణకు చట్టం వచ్చింది.

నేల ఉడుతనూ పంటలకు చేటని బొరియల్లో నీళ్ళుపోసి పట్టి చంపారు. దాని గడ్డినేలలు దున్నేశారు. పోలండ్‌లో పూర్తిగా మాయమైతే, 2005లో మళ్ళీ తెచ్చి వదలాల్సివచ్చింది. 2020లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ దాని పేరెదుట 'ప్రమాదంలో ఉంది' అని రాసింది. పక్షి పేరెదుట ఉన్నది 'అంతరించింది' అన్న మాట.

"ఆ చట్టమేదో ఆ పక్షి ఉన్నప్పుడే చెయ్యచ్చుగా అమ్మా?" అంది మా అమ్మాయి.

ఏం చెప్పను? "ఉడుత సంగతైనా వేళకి చూస్తున్నార్లేవే" అని పుస్తకం మూశాను.