దొవాబా డాబాల మీద విమానాలు

పంజాబ్‌లోని జలంధర్ జిల్లా ఉప్పల్ భూపా గ్రామంలో ఒక ఇంటి డాబా మీద ఎయిర్ ఇండియా విమానం నిలబడి ఉంటుంది. దగ్గరికి వెళితేగాని అది నీళ్ల ట్యాంకుగా కట్టిన సిమెంటు విమానమని తెలియదు. చుట్టుపక్కల ఊళ్లలో ఓడలు, ఫుట్‌బాల్‌లు, ట్రాక్టర్లు, గద్దలు కూడా ఇలాగే ఇళ్లెక్కి కూర్చున్నాయి. పత్రికలు వీటిని వింతలుగా చూపిస్తాయి. పరీక్షకు చదివే మీరు మాత్రం వీటిని చరిత్ర ఆధారాలుగా చూడండి. ప్రవాస భారతీయుల మీద ప్రశ్న వస్తే చాలామంది విదేశీ మారకద్రవ్యం గురించి నాలుగు వాక్యాలు రాసి ఊరుకుంటారు. వెళ్లినవారు తిరిగి ఎందుకు రాలేదన్నది ఆ జవాబుల్లో ఉండదు.

బియాస్, సట్లెజ్ నదుల మధ్య నేలే దొవాబా. జనం ఎక్కువ, కమతాలు చిన్నవి. 1849లో పంజాబ్ బ్రిటిష్ వారి చేతికి వెళ్లాక సైన్యంలోనూ పోలీసులోనూ చేరిన సిక్కులు సింగపూర్, హాంకాంగ్ దాకా వెళ్లారు. 20వ శతాబ్దం మొదట్లో అక్కడి నుంచే కొందరు కెనడా, కాలిఫోర్నియా దారి పట్టారు. 1908లో కెనడా ఒక నిబంధన పెట్టింది: స్వదేశం నుంచి ఎక్కడా ఆగకుండా నేరుగా వచ్చినవారికే ప్రవేశం. భారత్ నుంచి అలా వెళ్లే ఓడే లేదు. చట్టంలో జాతి పేరు ఎత్తకుండానే పని జరిగిపోయింది! 1914లో 376 మందితో వాంకూవర్ చేరిన కొమగట మారు ఓడను రెండు నెలలు ఆపి వెనక్కి పంపారు. కలకత్తా దగ్గర బజ్ బజ్‌లో దిగినవారిపై పోలీసులు కాల్పులు జరిపారు. గదర్ పార్టీతో కలిపి ఈ ఘట్టం మీరు చదివే ఉంటారు కాబట్టి ముందుకు వెళదాం.

నా దృష్టిలో అసలు మలుపు 1962. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్ ఫౌండ్రీలకు, ఫ్యాక్టరీలకు మనుషులు కావలసి వచ్చింది. 1948 జాతీయతా చట్టం ప్రకారం కామన్వెల్త్ పౌరులు అక్కడికి స్వేచ్ఛగా వెళ్లవచ్చు. దొవాబా మగవాళ్లు వెళ్లి, నాలుగు డబ్బులు కూడబెట్టి, ఊరికొచ్చి పొలం కొనాలనుకున్నారు. ఇంతలో కామన్వెల్త్ వలసల చట్టం 1962 జూలై 1 నుంచి అమల్లోకి వస్తుందన్న కబురు. ఒకసారి ఇంటికి వెళితే మళ్లీ రానిస్తారో లేదోనని వాళ్లు భార్యాబిడ్డల్ని అక్కడికే పిలిపించుకున్నారు. వలసను ఆపడానికి తెచ్చిన చట్టమే రాకపోకల వలసను శాశ్వత వలసగా మార్చింది. ఇలాంటి కార్యకారణ సంబంధం జవాబులో ఒక్కటి చూపించినా చాలు, పరీక్షకుడు ఆగి చదువుతాడు.

డాబా మీది విమానాన్ని ఇప్పుడు మళ్లీ చూడండి. ఇలాంటి ఇళ్లలో చాలావాటికి ఏడాదిలో ఎక్కువ రోజులు తాళమే. యజమానులు బ్రిటన్‌లోనో కెనడాలోనో ఉంటారు, పెళ్లిళ్లకు వచ్చిపోతారు. మన కరీంనగర్, నిజామాబాద్ వైపు గల్ఫ్ డబ్బుతో కట్టిన ఇళ్లు చూసినవారికి తేడా తెలుస్తుంది. గల్ఫ్ దేశాలు మన కూలీలకు పౌరసత్వం ఇవ్వవు, కుటుంబాన్ని తెచ్చుకోనివ్వవు. అందుకే అక్కడి ఇంట్లో భార్య, పిల్లలు, ముసలి తల్లిదండ్రులు కాపురముంటారు. అది తిరిగి రావడానికి కట్టుకున్న ఇల్లు. దొవాబాది తిరిగి రాని మనిషి ఊళ్లో తన పేరు నిలవడానికి కట్టిన ఇల్లు. రెంటినీ 'రెమిటెన్స్' అనే ఒకే మాట కింద రాస్తే సగం విషయం పోతుంది.

జలంధర్ దగ్గరే తల్హన్ గ్రామంలో గురుద్వారా ఉంది. వీసా కావాలని మొక్కుకునేవారు అక్కడ బొమ్మ విమానాలు సమర్పిస్తారు. మొక్కులు తగ్గలేదు, దారులే ఇరుకయ్యాయి. ఏజెంట్ల మోసాలను అరికట్టడానికి పంజాబ్ 2012లో ప్రత్యేక చట్టం చేసింది. అయినా అప్పులు చేసి 'డంకీ' దారిలో అడవులు, సరిహద్దులు దాటుతున్నవారు ఉన్నారు. 2025 ఫిబ్రవరి 5న అమెరికా సైనిక విమానం 104 మంది భారతీయులను వెనక్కి తెచ్చి అమృత్‌సర్‌లో దించింది. అందులో పంజాబ్ యువకులూ ఉన్నారు.