నాంపల్లిలో గీసిన సముద్రపు గీత

మాది భీమిలి. జువాలజీ పాఠాలు చెప్పే ఉద్యోగం దొరికి నాంపల్లి చేరాను, ఇక్కడే స్థిరపడ్డాను. సముద్రం లేని ఊళ్లో సముద్రపు తాబేలు గొడవ ఎందుకు సార్ అని పిల్లలు అడిగితే, పబ్లిక్ గార్డెన్స్ పక్కనున్న తెల్లటి అసెంబ్లీ భవనం చూపించేవాణ్ణి. 1913లో టౌన్‌హాలుగా పూర్తయిన కట్టడమది. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా మన తీరమంతటికీ వర్తించే రాష్ట్ర చట్టాలు 2016 వరకూ ఆ ఆవరణలోనే తయారయ్యాయి.

ఆలివ్ రిడ్లే చిన్న జాతి. సముద్రపు తాబేళ్లలో అంతకంటే చిన్నది కెంప్స్ రిడ్లే ఒక్కటే, అది మన వైపు రాదు. రిడ్లే డిప్ప రెండడుగుల పైచిలుకు, బరువు నలభై కిలోల అటూ ఇటూ. చలికాలం చివర్లో ఆడవి రాత్రిపూట ఒడ్డెక్కి, వెనక కాళ్లతో గొయ్యి తవ్వి, వందకు పైగా గుడ్లు పెట్టి, పూడ్చేసి వెళ్లిపోతాయి. సుమారు యాభై రోజులకు పిల్లలు బయటికొస్తాయి. ఇసుక బాగా వేడెక్కితే అన్నీ ఆడవే పుడతాయి.

నాంపల్లి నుంచి వాల్తేరుకు గోదావరి ఎక్స్‌ప్రెస్ మొదలైన 1974లోనే, ఒడిశా గహిర్మాతలో వేల తాబేళ్లు ఒక్కసారిగా గుడ్లు పెట్టే తీరం శాస్త్రలోకానికి తెలిసింది. ఆ సంగతి బయటపెట్టిన రాబర్ట్ బస్టర్డ్ మొసళ్ల పథకానికి సలహాదారుగా వచ్చినవాడు. ఆ పథకం శిక్షణ సంస్థ మన హైదరాబాదులోనే ఉండేది. అప్పట్లో ఒడిశా తీరంలో పట్టిన తాబేళ్లు రైళ్లలో కలకత్తా బజారుకు వెళ్లేవి. చట్టం ఆ వ్యాపారాన్ని అణచింది. అంతకంటే పెద్ద చావు మరబోట్ల ట్రాల్ వలల్లో వచ్చింది. తాబేలు ఊపిరితిత్తులతో గాలి పీల్చే జంతువు. వలలో చిక్కి పైకి రాలేకపోతే నీళ్లలోనే మునిగి చస్తుంది.

1994లో ఈ నాంపల్లి అసెంబ్లీ నుంచే సముద్ర చేపలవేట నియంత్రణ చట్టం వచ్చింది. దాని కింద ఒడ్డు నుంచి ఎనిమిది కిలోమీటర్ల లోపు నీళ్లు తెప్పలకూ నాటుపడవలకూ దక్కాయి, మరబోట్లు ఆ గీత అవతలే వేటాడాలి. గుడ్లకొచ్చే తాబేళ్లు తచ్చాడేదీ ఆ లోపలి నీళ్లలోనే. మంచి గీత అది, మా బెస్తవాళ్ల కూడు కాపాడే గీత కూడా. గీత దాటి లోపలికొచ్చే బోట్లను ఆపేవాళ్లే చాలడం లేదు.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేట బందు. చేపల సంతానం కోసం పెట్టిన గడువది. తాబేళ్ల కళేబరాలు ఒడ్డుకు కొట్టుకొచ్చేది జనవరి, ఫిబ్రవరి, మార్చిల్లో. ఆ చేపలవేట చట్టం ఇప్పుడు అమరావతి చేతిలో ఉంది. ఆ మూడు నెలలూ ఎనిమిది కిలోమీటర్ల గీత మీద గస్తీ పెట్టండి. తాబేలు తప్పించుకునే అమరిక లేని ట్రాల్ వలను సముద్రంలోకి వెళ్లనివ్వకండి.