మావయ్యగారి మొండిఘటం, మా ఇంటి బ్యాటరీ లైటు

2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటిన రోజు రాత్రి గుంటూరులో మా వీధికి కరెంటు లేదు. పదిన్నర ప్రాంతంలో అత్తయ్యగారికి ఆయాసం మొదలైంది. ఆవిడ ఉబ్బసం పాతదే. మందు ఆవిరి పట్టే మిషను ఇంట్లోనే ఉంది గానీ దానికి కరెంటు కావాలి. ఫోన్లు సాయంత్రానికే చచ్చి ఊరుకున్నాయి. ఇలాంటి రోజు కోసమే అలమరలో దాచిన బ్యాటరీ లైటు తీసి మీట నొక్కాను. వెలగలేదు. మూత తిప్పబోతే రాలేదు. బలవంతాన తిప్పేసరికి లోపలి నుంచి తెల్లటి పొడి, జిగురు చేతికి అంటుకున్నాయి. ఆ లైటులో సెల్లులు వేసి ఏడాది కూడా కాలేదు.

దేవుడి గదిలోంచి దీపం తెచ్చి ఆవిడ పక్కన పెట్టాను. మావారు వానలో కారు దగ్గరికి పరిగెత్తారు. అది మావయ్యగారు 1997లో కొన్న మారుతి 800. తాళం తిప్పితే టకటకమంది తప్ప అందుకోలేదు. దాని బ్యాటరీ కూడా దిగిపోయింది. ఎదురింటి కుర్రాళ్లిద్దరు వచ్చి వెనక నుంచి తోశారు. మావారు చోక్ లాగి, రెండో గేరు వేసి క్లచ్ వదిలారు. పది అడుగులు వెళ్లిందో లేదో బండి దగ్గి, తుమ్మి, అందుకుంది. ఆస్పత్రిలో అరగంటకి అత్తయ్యగారికి ఊపిరి సర్దుకుంది.

తెల్లారాక మా అబ్బాయి అన్నాడు, "అమ్మా, ఆ టార్చినీ ఆ కారునీ రెండిటినీ పాత సామాన్లవాడికి ఇచ్చేద్దాం" అని. మావయ్యగారు ఉండి ఉంటే, "సెల్లుల నాణ్యత పడిపోయిందిరా, కారుకేం ఢోకా లేదు" అనేవారు. ఇద్దరిలో ఎవరి మాట నిజమో తేల్చుకోవాలనిపించింది. నేను చదివింది బీఏ తెలుగు, సైన్సు కాదు. కానీ తీగ లాగితే డొంకంతా కదిలింది. ఆ డొంక కథే ఇది.

ముందు మాట సంగతి. మా చిన్నప్పుడు పల్లెల్లో టార్చిలైటునే "బ్యాటరీ" అనేవాళ్లు. అందులో వేసేది సెల్లు. తర్వాత చేతిలోకి ఫోను వచ్చి ఆ సెల్లు పేరు కాస్తా లాక్కుపోయింది. బడి పుస్తకాల్లో మాత్రం సెల్లుని "విద్యుత్ ఘటం" అని రాసేవారు. ఘటం అంటే కుండ. ఒంటికీ అదే మాట, "ఈ ఘటం ఉన్నన్నాళ్లూ" అంటాం కదా. ఎవరి మాటా వినని మనిషిని మొండిఘటం అంటాం. మావయ్యగారి కారుకి మా ఇంట్లో పేరు అదే.

సెల్లు నిజంగా కుండలోనే పుట్టింది. 1866లో జార్జెస్ లెక్లాంషే అనే ఫ్రెంచి ఇంజనీరు ఒక జాడీలో నవాసాగరం ద్రావణం పోసి, అందులో ఒక పక్క జింకు కడ్డీ, మరో పక్క మాంగనీస్ డయాక్సైడ్ నల్లపొడి ఉంచి కరెంటు పుట్టించాడు. నవాసాగరం మన అమ్మమ్మలకి కొత్తది కాదు. ఇత్తడి గిన్నెలకు కళాయి పోసేవాళ్లు వాడేది అదే. ఆ జాడీలు టెలిగ్రాఫు ఆఫీసుల్లో బాగానే పనిచేశాయి గానీ, చేతపట్టుకు తిరగడానికి వీల్లేదు, ఒలికిపోతాయి. 1886లో జర్మనీలో కార్ల్ గాస్నర్ ఆ ద్రావణాన్ని ముద్దలా చేసి, జింకునే డబ్బాగా మలిచి అందులో కూరాడు. మనం వాడే మామూలు సెల్లు ఇప్పటికీ ఆ డబ్బాకి మనవడే.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. ఆ జింకు డబ్బా సరుకు పోసుకునే డబ్బా మాత్రమే కాదు, కరెంటు కోసం కరిగేదీ అదే. వంటకి పొయ్యిలో గిన్నెనే కాల్చుకున్నట్టు. వాడేకొద్దీ గోడ పలచబడుతుంది. చివరికి చిల్లుపడి లోపలిది బయటికొస్తుంది. వాడకుండా అలమరలో పెట్టినా ఆ అరుగుదల నెమ్మదిగా సాగుతూనే ఉంటుంది. అంటే కారడం ఈ కాలపు జబ్బు కాదు, పుట్టుకతో వచ్చిందే.

మరి మా నాన్న టార్చి ఎందుకు కారేది కాదు? మా ఊళ్లో మోటార్లకు కరెంటు అర్ధరాత్రి ఇచ్చేవాళ్లు. నాన్న మూడు సెల్లుల టార్చి పట్టుకుని పొలం వెళ్లేవారు. గట్ల మీద పాములు. ఆ టార్చి వెలగడం అమ్మకి ప్రాణంతో సమానం, నాన్న వచ్చేదాకా అరుగు మీదే కూర్చునేది. లావుపాటి సెల్లులు, తంతి బల్బు. ఆ బల్బు కరెంటు బాగా తాగేది. కొద్ది వారాల్లోనే వెలుతురు పచ్చబడేది, ఆ తర్వాత ఎర్రబడేది. వెంటనే అమ్మ సెల్లులు తీసి డాబా మీద ఎండలో పెట్టేది. ఎండ వేడికి మరో రెండు రోజులు వెలిగి ఊరుకునేవి. తర్వాత అవి పిల్లల పాలు. పగలగొట్టి బొగ్గు కడ్డీ మేం తీసుకునేవాళ్లం, నల్లపొడిని ఆకుపసరుతో నూరి బడిలో బల్లకి రాసేవాళ్లం. అది చేయకూడని పని అని అప్పుడు ఎవరికి తెలుసు!

చూడండి, అప్పటి సెల్లు లైటులో కారేంత కాలం ఉండేదే కాదు. ఇప్పుడు ఎల్ఈడీ దీపాలు, రిమోట్లు, గోడ గడియారాలు కాస్తంత కరెంటుతోనే సరిపెట్టుకుంటాయి. సెల్లు దాదాపు పూర్తిగా అరిగేదాకా పనిచేస్తూనే ఉంటాయి. ఎర్రబడి హెచ్చరించే దీపం ఇప్పుడు లేదు. పైగా లావు సెల్లు పోయి సన్న సెల్లు వచ్చింది, అందులో జింకు ఎంతని ఉంటుంది?

ఇంకో కారణం తెలిశాక నా కోపం సగం చల్లారింది. జింకు ఊరికే అరిగిపోకుండా, లోపల వాయువు పుట్టకుండా ఉండటానికి వెనకటి సెల్లుల్లో పాదరసం కలిపేవాళ్లు. 1959లో మార్కెట్లోకి వచ్చిన ఆల్కలైన్ సెల్లుల్లోనూ అది ఉండేది. పారేసిన సెల్లుల నుంచి ఆ పాదరసం మట్టిలోకి, నీళ్లలోకి దిగుతుంది. జపాన్‌లో మినమాటా ఊళ్లో ఫ్యాక్టరీ వదిలిన పాదరసం చేపల్లోకి చేరి, ఆ చేపలు తిన్న తల్లుల కడుపులో బిడ్డలు అవకరాలతో పుట్టారు. 1956లో బయటపడ్డ ఆ కథ తర్వాత పాదరసం అంటే ప్రపంచానికి భయం పట్టుకుంది. 1990ల్లో అమెరికా, ఐరోపా దేశాలు సెల్లుల్లో పాదరసాన్ని కట్టడి చేస్తూ చట్టాలు తెచ్చాయి. పాదరసం చేసే కాపలా పని వేరే పదార్థాలతో చేయించడం అంత తేలిక కాలేదు. మనం నాణ్యత తగ్గింది అనుకునే దాంట్లో కొంత, పిల్లల కోసం వదులుకున్నదే.

మన దేశంలో సెల్లు కథ కలకత్తాలో మొదలైంది. అక్కడ 1934లో ఎవరెడీ కంపెనీ ఏర్పడింది. అదే తర్వాత యూనియన్ కార్బైడ్ ఇండియా అయింది. అవును, 1984 డిసెంబరులో భోపాల్‌లో విషవాయువు వదిలిన కంపెనీయే. నాన్న చేతిలో వెలుగూ, ఆ రాత్రి భోపాల్ తల్లుల చీకటీ ఒకే ఇంటివని తెలిసినప్పుడు కాసేపు పుస్తకం మూసేశాను. 1994లో ఆ కంపెనీలో అమెరికన్ల వాటా అమ్మితే వచ్చిన డబ్బుతో భోపాల్ బాధితులకి ఆస్పత్రి కట్టించారు. మన నెల్లూరుకీ ఇందులో చోటుంది. నిప్పో సెల్లులు తయారుచేసే ఇండో నేషనల్ కంపెనీ 1972లో జపాన్ మత్సుషిటా సంస్థ సాయంతో అక్కడే పుట్టింది.

ఇక కారు బ్యాటరీ. అది వేరే వంశం. 1859లో గాస్టన్ ప్లాంటే అనే ఆయన సీసం పలకల్ని ఆసిడ్‌లో ముంచి చేసిన బ్యాటరీ దాని మూలపురుషుడు. దీన్ని మళ్లీ మళ్లీ నింపుకోవచ్చు. దీని కథలో ఆడవాళ్ల పాలు ఎక్కువ, మగవాళ్లు చెప్పరు గానీ.

1888 ఆగస్టులో బెర్తా బెంజ్ భర్తకి చెప్పకుండా, ఆయన తయారుచేసిన మూడు చక్రాల కారులో ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి పుట్టింటికి, ఫోర్జ్‌హైమ్‌కి బయల్దేరింది. నూరు కిలోమీటర్ల పైమాటే. ఇంధనం గొట్టం పూడుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి తీసింది. తీగ మీద తొడుగు పోతే మేజోళ్ల పట్టీ చుట్టింది. దారిలో మందుల కొట్లో ఇంధనం కొంది. బ్రేకులు అరిగితే చెప్పులు కుట్టేవాడితో తోలు కొట్టించింది. ప్రపంచంలో తొలి దూరప్రయాణం కారుని నడిపించింది ఇల్లాలి పెట్టెలో సామాన్లే.

తర్వాత వచ్చిన పెట్రోలు కార్లకు ముందు హ్యాండిల్ తిప్పాలి. అది ఎదురు తన్నితే చేతులు విరిగేవి. అందుకే అమెరికాలో బ్యాటరీతో నడిచే కార్లని ఆడవాళ్ల కార్లుగా అమ్మారు. పెట్రోలు కారుతో లోకాన్ని ఏలిన హెన్రీ ఫోర్డు భార్య క్లారా నడిపింది కూడా డెట్రాయిట్ ఎలక్ట్రిక్ అనే బ్యాటరీ కారే! 1912 కాడిలాక్‌లో చార్లెస్ కెటరింగ్ బ్యాటరీతో తిరిగే స్టార్టరు పెట్టాడు. దాంతో పెట్రోలు కారు కూడా ఆడవాళ్ల చేతికి వచ్చింది, బ్యాటరీ కారు వెనకబడింది. నూరేళ్ల తర్వాత అదే మళ్లీ కొత్త పెళ్లికూతురిలా మన వీధుల్లోకి వస్తోంది.

మన దగ్గర ఏళ్ల తరబడి కారంటే అంబాసిడర్ లేదా పద్మిని. 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ చేతుల మీదుగా తొలి మారుతి 800 తాళాలు అందాయి. 2014 జనవరిలో ఆ కారు తయారీ ఆగింది. మధ్యతరగతి ఆడవాళ్లు ఎందరో స్టీరింగ్ పట్టింది దీనితోనే. నేనూ అంతే. మావయ్యగారే పక్కన కూర్చుని నేర్పారు. ప్రతి ఆదివారం బానెట్ ఎత్తి, ఆరు మూతలు తీసి బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ పోసేవారు. బిరడాల మీద పేరుకున్న తెల్లపొడిని గోరువెచ్చని నీళ్లలో వంటసోడా కలిపి నాతో కడిగించేవారు. తుడిచి వాజలైన్ రాయమనేవారు. "అమ్మాయ్, దీనికి నోరు లేదు, మనమే అడగాలి" అనేవారు. ఆయన పోయాక ఆదివారాలు ఆగిపోయాయి. తుపాను రాత్రి కారు బ్యాటరీ దిగిపోయింది అందుకే. చోక్ ఉన్న పాతకాలపు కారు కనుక తోస్తే అందుకుంది, కనికరించింది అనుకోవాలి.

టార్చి సంగతి కూడా చెప్పేస్తాను. ఇంట్లో ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఆ ఏడాది శ్రావణంలో వంటింటి గడియారం ఆగిపోతే, టార్చిలోంచి ఒక కొత్త సెల్లు తీసి గడియారంలో వేసి, ఆ అరిగిన సెల్లుని టార్చిలో పెట్టింది నేనే. రేపు కొని మార్చవచ్చులే అనుకున్నాను. ఆ రేపు రాలేదు. పాతదీ కొత్తదీ జతచేస్తే కొత్తది పాతదాన్ని బలవంతంగా తోస్తుంది, పాతది చిట్లి కారుతుంది. సెల్లు నాణ్యత గురించి మూడు రోజులు ఊరంతా తిట్టాను, తిట్టాల్సింది నన్ను నేనే.

అలాగని అన్నీ మన తప్పులే అనను. ఏ ఊరో ఏ పేరో లేని సెల్లులు అంగట్లో అట్టపెట్టెల్లో పోసి అమ్ముతున్నారు. వాటి మీద తేదీ ఉండదు. తేదీ లేనిది కొనకండి. రెండూ ఒకేసారి మార్చండి. వాడని వస్తువులోంచి సెల్లులు తీసి పక్కన పెట్టండి. కారితే చేతికి తొడుగు వేసుకోండి. మామూలు సెల్లు కారితే వంటసోడా నీళ్లు, ఆల్కలైన్ అయితే నిమ్మరసం అద్దిన గుడ్డ. 2022 నుంచి అన్ని రకాల బ్యాటరీల వ్యర్థాలకూ కేంద్రం నిబంధనలు పెట్టింది, చెత్తబుట్టలో వేయకండి. కారు పాత బ్యాటరీ కొట్లో ఇస్తే ధర తగ్గిస్తారు, లోపలి సీసం మళ్లీ వాడతారు కనుక.

ఇప్పుడు మా ముందున్నది మొండిఘటం సంగతి. 2022లో రిజిస్ట్రేషన్ పొడిగించేటప్పుడు, అంతకుముందు 600 రూపాయలున్న రుసుము 5000 అయింది. 2025లో ఇరవై ఏళ్లు దాటిన కార్లకి 10,000 చేశారు. 2027లో మళ్లీ గడువు. అప్పటికి దానికి ముప్పై ఏళ్లు. పొగ సంగతి, భద్రత సంగతి మా అబ్బాయి చెప్పేది తప్పు కాదు. దూరాలకి ఇప్పటికే దాన్ని తీయడం లేదు. గడువు దాకా ఉంచి, ఆ తర్వాత పద్ధతిగా తుక్కు కేంద్రానికి అప్పజెబుదామని నేనూ మావారూ అనుకున్నాం. అత్తయ్యగారికి ఇంకా చెప్పలేదు.

అందాకా ఆదివారాలు నావి. పొద్దున్నే బానెట్ ఎత్తుతాను, నీళ్లు చూస్తాను, పది నిమిషాలు ఇంజను ఆడిస్తాను. అరుగు మీద కూర్చుని అత్తయ్యగారు వింటూ ఉంటారు. కొత్త టార్చి ఆవిడ మంచం పక్కనే, సెల్లులు విడిగా చిన్న డబ్బాలో. చీకట్లో కూడా వేయగలనని ఆవిడే నాకు రెండుసార్లు కళ్లు మూసుకుని వేసి చూపించారు.