అలీ – ఇనోకీ: టోక్యోలో పదిహేను రౌండ్లు

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాసి ఇమ్మని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు, నేను ఏ కాకతీయుల గురించో, కుంఫిణీ పాలన గురించో రాస్తానని అనుకొని ఉంటారు. నేను మాత్రం 1976 జూన్ 26, శనివారం నాడు టోక్యోలో ఒక బాక్సరుకూ ఒక మల్లుడికీ జరిగిన పోటీ గురించి రాయదలచాను. నవ్వకండి. ఆ రోజుల్లో మేమూ నవ్వాం. ఎమర్జెన్సీ కాలం. రాజకీయ వార్తల్లో చదవడానికి ఏమీ ఉండేది కాదు. అందుచేత మా సెక్షన్‌లో టీ వేళ అందరం ఆటల పేజీ మీదే పడేవాళ్లం. ప్రపంచ హెవీవెయిట్ బాక్సింగ్ ఛాంపియన్ మహమ్మద్ అలీ ఎదుట ఒక జపాన్ వస్తాదు పదిహేను రౌండ్లూ నేలమీద పడుకొని కాళ్లతో తన్నాడని తెలిసి, పొట్ట చెక్కలయ్యేట్టు నవ్వుకున్నాం. అదంతా దగా అని తీర్పు కూడా చెప్పేశాం. ఆ తీర్పు తప్పని నాకు తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది.

అప్పటికి అలీ వయసు 34. 1974లో కిన్షాసాలో జార్జ్ ఫోర్‌మన్‌ను, 1975లో మనీలాలో జో ఫ్రేజియర్‌ను ఓడించి కీర్తి శిఖరాన ఉన్నాడు. 1975లో జపాన్ అమెచ్యూర్ కుస్తీ సంఘం అధ్యక్షుడు ఇచిరో హట్టా ఒకచోట కలిసినప్పుడు, తనతో తలపడగల మగాడు తూర్పు దేశాల్లో ఎవడూ లేడా, ఉంటే పది లక్షల డాలర్లు ఇస్తానని అలీ తన సహజ ధోరణిలో అన్నాడు. అలీ నోటికి హద్దు ఎప్పుడూ లేదు కదా! హట్టా ఆ మాటను జపాన్ పత్రికలకు చేరవేశాడు. పట్టుకున్నవాడు ఆంటోనియో ఇనోకీ.

ఇనోకీ గురించి మన వాళ్లకు అంతగా తెలియదు కనుక నాలుగు మాటలు చెప్పాలి. 1943లో యోకోహామాలో పుట్టాడు. పసితనంలోనే తండ్రి పోయాడు. పధ్నాలుగో ఏట కుటుంబంతో బ్రెజిల్ వలస వెళ్లి కాఫీ తోటల్లో కూలి పని చేశాడు. 1960లో అక్కడికి వచ్చిన జపాన్ ప్రొఫెషనల్ రెజ్లింగ్ పితామహుడు రికిడోజాన్ ఈ పొడగరి కుర్రవాణ్ణి చూసి తన వెంట తీసుకుపోయాడు. 1972లో ఇనోకీ సొంత కంపెనీ పెట్టుకున్నాడు. ప్రొఫెషనల్ రెజ్లింగ్ అంటే ఎవరు గెలవాలో ముందే మాట్లాడుకొని ఆడే వేడుక. ఇప్పుడు మన మనవళ్లు టీవీలో చూసి కేకలు పెట్టేది అదే. ఆ చిన్నచూపు ఇనోకీకి కంటగింపుగా ఉండేది. తమ విద్య అన్నిటికంటే బలమైనదని నిరూపించాలని పట్టుబట్టాడు. అలీకి 60 లక్షల డాలర్లు ఇస్తామని ఒప్పందం కుదిరింది.

అసలు కథ ఇక్కడే ఉంది. పోటీ మాటల ప్రకారం ఆడే వేడుకలాగా సాగుతుందని అలీ వర్గం వచ్చిందని కొందరూ, మొదటినుంచీ నిజమైన పోటీయేనని మరికొందరూ చెబుతారు. రెండు కథలూ నేటికీ పక్కపక్కనే నడుస్తున్నాయి. టోక్యోలో దిగిన తరువాత మాత్రం ఇనోకీ సాధన చూసి అలీ మనుషులు కంగారుపడ్డారు. నిబంధనలపై చివరి రోజుల వరకూ బేరాలు సాగాయి. ఎత్తి కుదేయడం, కీళ్లు మెలిపెట్టడం వంటి మల్లవిద్యలకు దారి మూశారనీ, ఒక మోకాలు నేలకు ఆనించి ఉంటే తప్ప తన్నకూడదన్నారనీ ఇనోకీ పక్షం చెప్పింది. ఈ సవరణలు ప్రేక్షకులకు సరిగా తెలియవు. సర్వీసంతా రూల్సు పుస్తకాలతో కాపురం చేసినవాళ్లం మనం. సవరణ ఒక్క వాక్యమే అయినా దాని ఫలితం ఎంతదూరం పోతుందో మనకు వేరే చెప్పాలా?

బుడోకాన్ మందిరంలో మధ్యాహ్నానికి ముందే పోటీ మొదలుపెట్టారు, అమెరికాలో రాత్రి సినిమా హాళ్లలో చూసేవాళ్ల కోసం. గంట మోగగానే ఇనోకీ పరుగున వచ్చి నేలమీదికి జారి అలీ కాళ్ల మీద తన్నాడు. తగలలేదు. మళ్లీ తన్నాడు. ఆ తరువాత పదిహేను రౌండ్లూ ఇంచుమించు అదే. పడుకున్నవాణ్ణి బాక్సరు కొట్టలేడు. లేచి పట్టుకుంటే మల్లుడికి పట్లు నిషేధం. లేచి నిలబడమని అలీ ఎగతాళి చేశాడు, తిట్టాడు, తాళ్లు పట్టుకొని కాళ్లు పైకెత్తి తప్పించుకున్నాడు. అంతకుముందే ఇనోకీ పొడుగాటి గడ్డం చూసి పెలికాన్ అని పేరు పెట్టాడు. మన కొల్లేటి గూడబాతు అన్నమాట. ఆరో రౌండులో అలీ అతని కాలు పట్టుకోబోతే, ఇనోకీ పడదోసి మీద కూర్చొని మోచేతితో ముఖం మీద ఒకటి ఇచ్చాడు. అది ఫౌలు. అంతకుమించి చెప్పుకోదగిన ఘట్టం లేదు. మూడు నిమిషాల చొప్పున నలభై అయిదు నిమిషాల్లో అలీ కొట్టిన గుద్దులు ఆరేడు. ఇనోకీ తన్నులు మాత్రం నూరు దాటాయి.

రిఫరీగా వ్యవహరించినవాడు జీన్ లెబెల్ అనే అమెరికన్ జూడో వీరుడు. ఈయన స్వయంగా 1963లో సాల్ట్ లేక్ సిటీలో మైలో శావేజ్ అనే బాక్సరుతో ఇలాంటి పోటీయే ఆడి, నాలుగో రౌండులో గొంతు పట్టు వేసి స్పృహ తప్పించినవాడు. టోక్యోలో ఆయన ఇద్దరికీ సమానంగా 71 పాయింట్లు ఇచ్చాడు. ఒక జడ్జి అలీని, మరొకరు ఇనోకీని గెలిపించారు. ఫలితం డ్రా. ఫౌళ్ల కింద కోసిన మూడు పాయింట్లు కోయకపోతే ఇనోకీ గెలిచేవాడు. జనం డబ్బు వాపసు ఇమ్మని అరుస్తూ చేతికందినవి బరిలోకి విసిరారు. అలీకి ఒప్పుకున్న సొమ్ము పూర్తిగా ముట్టలేదు. ఇనోకీ కంపెనీ అప్పులపాలైంది.

మేము చూడనిది అలీ కాళ్లు. ఎడమకాలు వాచిపోయి, ఇనోకీ బూటు తాళ్ల రింగులు గీరుకొని రక్తం కారింది. మధ్యలో అలీ శిక్షకుడు ఆంజెలో డండీ అభ్యంతరం చెప్పి ఆ బూట్లకు టేపు చుట్టించాడు. డాక్టర్లు విశ్రాంతి తీసుకోమన్నా వినకుండా అలీ ప్రదర్శన కోసం సియోల్ వెళ్లాడు. తరువాత కాళ్లలో రక్తం గడ్డకట్టి కాలిఫోర్నియాలో ఆస్పత్రి పాలయ్యాడు. మూడు నెలలకు సెప్టెంబర్ 28న కెన్ నార్టన్‌తో పోరాడి పాయింట్ల మీద గెలిచాడు గానీ, తుమ్మెదలా ఎగిరే ఆ పాదాలు తిరిగి రాలేదు. వయసు వల్లనా, ఆ తన్నుల వల్లనా అంటే రెండూనని నా అభిప్రాయం. మేము టీ తాగుతూ నవ్విన తన్నులు అవే.

ఇక్కడ మన ఉపఖండం సంగతి ఒకటి చెప్పాలి. అదే సంవత్సరం డిసెంబర్‌లో ఇనోకీ కరాచీ వెళ్లి అక్రమ్ పహిల్వాన్‌తో తలపడ్డాడు. అక్రమ్ సాక్షాత్తూ గామా పహిల్వాన్ తమ్ముడు ఇమాం బఖ్ష్ కొడుకు. 1910లో లండన్ వెళ్లి జిబిస్కోను గడగడలాడించిన గామా పేరు మన పల్లెల తాలింఖానాల్లోనూ మారుమోగింది కదా. ఆ వంశపు బిడ్డ చేతిని ఇనోకీ విరిచేశాడు. వేలమంది నిశ్శబ్దంగా ఉండిపోయారట. 1979లో అదే వంశపు జారా పహిల్వాన్ లాహోరులో ఇనోకీతో డ్రా చేసి పరువు దక్కించుకున్నాడు. ఇనోకీ స్వయంగా ఆ కుర్రవాడి చెయ్యి పైకెత్తాడు.

టోక్యో పోటీ ఎందుకు విసుగు పుట్టించింది? నిజమైనది కనుక. నాటకమైతే ఎన్ని మలుపులైనా పెట్టుకోవచ్చు. ఇద్దరు నిపుణులు ఓడిపోవడానికి ఇష్టపడక, ఎవరి బలం పనిచేసే చోట వాళ్లు కదలకుండా కూర్చుంటే అలాగే ఉంటుంది. ఆ చిక్కుముడి ఇనోకీ శిష్యులను వదల్లేదు. ఆయన దగ్గర కుస్తీ నేర్చిన సతోరు సయామా 1980లలో గుద్దు, తన్ను, పట్టు మూడూ ఒకే నిబంధనల కింద ఉండేలా షూటో అనే క్రీడను రూపొందించాడు. అదే పరంపరలోని ఫునాకీ, సుజుకీ 1993 సెప్టెంబర్‌లో పాంక్రేస్ పెట్టారు. రెండు నెలలు తిరక్కుండానే, నవంబర్ 12న అమెరికాలోని డెన్వర్‌లో మొదటి అల్టిమేట్ ఫైటింగ్ పోటీలు జరిగాయి. అది బ్రెజిల్ గ్రేసీ కుటుంబం వేరే దారిన తెచ్చినది, ఇనోకీ ఖాతాలో వేయడం న్యాయం కాదు. అక్కడ ఆర్ట్ జిమ్మర్సన్ అనే బాక్సరు ఒక చేతికే గ్లవ్ తొడుక్కొని వచ్చి, రాయిస్ గ్రేసీ మీదపడి పడుకోగానే రెండున్నర నిమిషాల లోపే ఓటమి ఒప్పుకున్నాడు. టోక్యోలో మూసిన దారి ఇక్కడ తెరిచి ఉంది మరి.

2010 ఆగస్టులో బాస్టన్‌లో మాజీ బాక్సింగ్ ఛాంపియన్ జేమ్స్ టోనీని, ఈ కొత్త క్రీడలో మాజీ హెవీవెయిట్ ఛాంపియన్ రాండీ కొట్యూర్ మొదటి రౌండులోనే కాలు పట్టి పడేసి గొంతు పట్టుతో ముగించాడు. 2023 అక్టోబర్‌లో రియాద్‌లో మరో మాజీ ఛాంపియన్ ఫ్రాన్సిస్ ఎన్‌గాను బాక్సింగ్ నిబంధనలకే ఒప్పుకొని టైసన్ ఫ్యూరీని ఒకసారి నేలకూల్చి కూడా పాయింట్ల మీద ఓడిపోయాడు. ఎవరి రూల్సు రాసుకుంటే వారిదే ఇల్లు.

ఇంత జరిగాక అలీ, ఇనోకీ శత్రువులు కావలసినవాళ్లు. కాలేదు. తన జీవితం మీద తీసిన సినిమాలోని పాటను అలీ ఇనోకీకి బహుమతిగా ఇచ్చాడు. దానికి మార్పులు చేసుకొని ఇనోకీ చివరిదాకా ఆ పాటతోనే బరిలోకి నడిచాడు. 1989లో జపాన్ ఎగువసభకు ఎన్నికైన ఇనోకీ, 1995 ఏప్రిల్‌లో ఉత్తర కొరియా రాజధాని ప్యాంగ్‌యాంగ్‌లో పెద్ద పోటీలు పెట్టించినప్పుడు, పార్కిన్సన్ వ్యాధితో చేతులు వణుకుతున్నా అలీ అతిథిగా వెళ్లాడు. 1998 ఏప్రిల్ 4న టోక్యో డోమ్‌లో ఇనోకీ ఆటకు వీడ్కోలు చెప్పిన రోజున కూడా, మాట సరిగా పెగలని స్థితిలో అలీ అంత దూరం ప్రయాణించి వచ్చాడు. ఇరవై రెండేళ్ల క్రితం తన కాళ్లు పాడుచేసినవాడి పక్కనే బరిలో నిలబడ్డాడు. అలీ 2016 జూన్ 3న, ఇనోకీ 2022 అక్టోబర్ 1న కన్నుమూశారు.