తరుగు

సూలూరునుంచి తిరుచ్చి రోడ్డు పట్టుకుని కోయంబత్తూరు పేటకు నగలు కొనడానికి పోయే మనవారికి అంగడివాళ్లు మూడు లెక్కలు చెబుతారు: బంగారం వెల, కూలి, సేదారం. తమిళులు సేదారం అనేదాన్నే మనం తరుగు అంటాం. పనిలో తరిగిపోయే లోహమన్నమాట. ఆ తరిగినది ఎవరికి దక్కుతుందన్నది దాదాపు రెండువేల ఏళ్లనాటి తగవు.

కౌటిల్యుని అర్థశాస్త్రం రెండవ అధికరణంలో దీనికి చోటుంది. రాజుగారి అక్షశాలలో పనివారిని వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ సోదా చేయాలన్నాడు. కంసాలి బంగారం హరించే ఉపాయాలు అయిదని లెక్కపెట్టాడు. దొంగతక్కెడ మొదలు, మేలిబంగారం తీసి కల్తీది పెట్టడం, లోపల సీసం దాచి పైన రేకు తొడగడం దాకా అందులో ఉన్నాయి. అయితే ఆయన న్యాయం కూడా మరువలేదు. కాల్చి పనిచేసేటప్పుడు సువర్ణానికి ఒక కాకణి తరుగు ఇవ్వాలన్నాడు. సువర్ణానికి 16 మాషలు, మాషకు 4 కాకణులు. అంటే 64లో ఒక వంతు.

తరుగు వట్టి సాకు కాదు. ఆకురాయితో రాస్తే రజను రాలుతుంది. మూసకు కొంత అంటుకుంటుంది. కమ్మచ్చులో తీగ లాగి కత్తిరిస్తే తునకలు మిగులుతాయి. అందుకే కంసాలి కుంపటి బూడిద పారేయడు, ఊడ్చిన దుమ్ము దాచుకుంటాడు. దాన్ని కొనేవారు వేరే ఉన్నారు. మట్టి గాలించి, పాదరసంతో పట్టి, కాల్చి బంగారం తీస్తారు. కంసాలి వీధుల మురుగుకాలువ మట్టి గాలించి బతికినవారూ ఉన్నారు. చాలీచాలని కూలికి ఈ రజనే ఆసరా.

కన్నతల్లి నగలోనైనా కంసాలి కొంత తీస్తాడని లోకం సామెత కట్టింది. అతని కష్టానికి మాత్రం సామెత లేదు. చైనా యుద్ధం తరువాత, 1963 జనవరి 9న బంగారు నియంత్రణ వచ్చింది. కొత్త నగలు 14 క్యారెట్లు మించరాదన్నారు. అప్పుడు ఆర్థికమంత్రి మొరార్జీ దేశాయి. దేశమంతటా కుంపట్లు చల్లారాయి. పనిలేక ప్రాణాలు తీసుకున్న కంసాలులున్నారు. 1968లో అది చట్టమై, 1990లో రద్దయింది.

ఇప్పుడు చాలా నగలు యంత్రాలమీద వస్తున్నాయి. రాలిన రజను పనిశాలలోనే తిరిగి పోగవుతుంది. అయినా తరుగు పోలేదు, నూటికి ఇంతని అంగడి లెక్కకెక్కింది. ఒకప్పుడు కుంపటి ముందు కూర్చున్నవాణ్ణి కళ్లప్పగించి కాపు కాసిన మనం ఇవాళ ఆ లెక్కకు తలవూపి డబ్బు కడుతున్నాం. పేదవాడు దాచుకున్న చిటికెడు పొడికి దొంగతనమని పేరు, అంగడివాడు వేసే అంకెకు వ్యాపారమని పేరు. కౌటిల్యుడు ఇద్దరికీ ఒకే కొలత పెట్టాడు: నిజంగా తరిగింది ఎంత? ఆ ప్రశ్న మనమూ అడగవచ్చు.