గ్రౌండు ఎవరిది? చికాగో నల్లవాళ్ళ బాస్కెట్‌బాల్, మన వాడల ఆట

పల్నాటి వీరకథలో ఆటలకి తక్కువేం లేదు. నాగమ్మ, బ్రహ్మనాయుడు కోడిపందెం కాశారు. ఓడిన మాచర్ల పక్షం రాజ్యం వదిలిపెట్టి పోయింది. బాలచంద్రుడు బొంగరాలాడాడు. అదే కథలో మాల కన్నమదాసు పేరెత్తితే గుర్తొచ్చేది మాత్రం కత్తి. యుద్ధానికి పనికొచ్చిన చెయ్యి ఆటకి పనికొచ్చిందా? చెడుగుడులో ముట్టుకోవడమే ఆట. అంటరానితనం ఉన్న ఊళ్ళో ఎవరు ఎవరిని ముట్టుకుని ఆడాలన్నది ఎవరు తేల్చారు? భూమి గురించి, బావి గురించి, గుడి గురించి రాసుకున్న మనం ఆటస్థలం గురించి రాసుకోలేదు. ఆ పని ఎందుకు అవసరమో చికాగో నల్లజాతి చరిత్ర చూస్తే తెలుస్తుందని మా అభిప్రాయం.

అమెరికా దక్షిణాది పత్తిచేల నుంచి, లించింగుల నుంచి తప్పించుకుని లక్షలాది నల్లవాళ్ళు ఉత్తరాది నగరాలకి వలసపోయారు. చికాగోలోనూ గీత ఉంది. 1919 జూలై 27న సరస్సులో ఈతకొడుతూ కంటికి కనపడని ఆ గీత దాటాడని యూజీన్ విలియమ్స్ అనే 17 ఏళ్ళ కుర్రాడి మీద రాళ్ళు వేశారు. కుర్రాడు మునిగిపోయాడు. తర్వాత జరిగిన అల్లర్లలో 38 మంది చచ్చిపోయారు; 23 మంది నల్లవాళ్ళే. మనకిది కొత్తేం కాదు. 1985లో కారంచేడు తగాదా మంచినీళ్ళ చెరువు దగ్గర మొదలైంది. 1991లో చుండూరు తగాదా సినిమా హాల్లో కాలు తగిలిందని మొదలైంది.

బాస్కెట్‌బాల్ 1891లో స్ప్రింగ్‌ఫీల్డ్ వై.ఎం.సి.ఎ. శిక్షణ కళాశాలలో పుట్టింది. క్రీస్తు పేరు పెట్టుకున్న ఆ సంస్థలోనూ రంగుభేదం ఉంది. చికాగో వాబాష్ ఎవెన్యూలో నల్లవాళ్ళకి విడిగా వై.ఎం.సి.ఎ. కట్టారు. వెలివేతలోంచి వచ్చిన అలాంటి జిమ్‌లు, బడులు, డాన్సు హాళ్ళే వాళ్ళకి గ్రౌండ్లయ్యాయి. హార్లెమ్ గ్లోబ్‌ట్రాటర్స్ పేరులో హార్లెమ్ ఉన్నా పుట్టింది చికాగో నల్లవాడలోనే. ఆడింది నల్లవాళ్ళు, యజమాని తెల్లవాడు. న్యూయార్క్ రెన్స్ జట్టు అలా కాదు. 1923లో దాన్ని పెట్టిన బాబ్ డగ్లస్ నల్లవాడే. 1939లో చికాగోలో జరిగిన ప్రపంచ ప్రొఫెషనల్ టోర్నమెంటుని రెన్స్ గెలిచింది, 1940లో గ్లోబ్‌ట్రాటర్స్ గెలిచింది. అయినా ఎన్.బి.ఎ.లోకి ముగ్గురు నల్ల ఆటగాళ్ళు అడుగుపెట్టడానికి 1950 దాకా పట్టింది. వాళ్ళలో నాట్ క్లిఫ్టన్ చికాగో డుసాబుల్ హైస్కూల్లో చదివినవాడు. 1954లో అదే బడి నల్లపిల్లల జట్టు ఇల్లినాయ్ రాష్ట్ర ఫైనల్ దాకా వెళ్ళింది. అంటే ముందు వాడకి గ్రౌండు, తర్వాతే మనిషికి కెరీరు.

కెరీరు తలుపు ఇరుకైనది. 1994లో వచ్చిన హూప్ డ్రీమ్స్ డాక్యుమెంటరీ ఇద్దరు చికాగో కుర్రాళ్ళ కథ. ఇద్దరిలో ఒక్కడూ ఎన్.బి.ఎ. దాకా పోలేదు. పోయినవాళ్ళని చూపించి పోనివాళ్ళది తప్పంటారు.

మన దేశంలో పల్వాంకర్ బాలూ సంగతి చూడండి. చమార్ కులస్తుడు. పూనాలో అతని చేతి బంతి ముట్టుకున్నవాళ్ళు టీ మాత్రం పెవిలియన్ బయట మట్టిముంతలో ఇచ్చారు. 1911 ఇంగ్లండు టూరులో వందకి పైగా వికెట్లు తీశాడు. హిందూ జట్టు కెప్టెన్సీ మాత్రం దక్కలేదు. 1937 ఎన్నికల్లో కాంగ్రెసు ఆయన్నే తెచ్చి అంబేద్కర్ మీద నిలబెట్టింది. ఆటగాడు ఎంత గొప్పవాడైనా వెనక ఉద్యమం లేకపోతే ఎవరి చేతుల్లో పడతాడో ఇక్కడ తెలుస్తుంది.

2014 మే 25న సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కారు. ఒకరు ఆదివాసీ, ఒకరు దళితుడు. వాళ్ళ వెనక ప్రభుత్వ బడి, శిక్షణ, తిండి ఉన్నాయి. దాతల దయ కాదు, హక్కుగా వచ్చిన బడి అది.

కాబట్టి పల్నాటి విద్యార్థులకి, టీచర్లకి మేం చెప్పేది ఒకటే. గురజాల, మాచర్ల, నరసరావుపేట చుట్టుపక్కల పల్లెలకి వెళ్ళి పెద్దవాళ్ళని అడగండి. ఎక్కడ ఆడుకున్నారు, ఎవరితో ఆడారు, ఎవరు ఆడనివ్వలేదు, ఆ స్థలం ఇప్పుడెవరి చేతిలో ఉంది అని రాసుకోండి. ఆడవాళ్ళని కూడా అడగండి. హాస్టలుకి గ్రౌండు, పి.ఇ.టి. పోస్టు కావాలని అడిగే రోజున ఆ రాతలే మనకి ఆధారం.