విల్మ్స్ ట్యూమర్: చికిత్సా పరిశోధనలు

చిన్నపిల్లల కిడ్నీలో పుట్టే క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేది విల్మ్స్ ట్యూమర్. దీని వైద్యనామం నెఫ్రోబ్లాస్టోమా. సుమారు పదివేల మంది పిల్లల్లో ఒకరికి వస్తుంది. వారిలో ఎక్కువమంది ఐదేళ్ల లోపువారే. 1899లో దీనిపై గ్రంథం వెలువరించిన జర్మన్ సర్జన్ మాక్స్ విల్మ్స్ పేరే దీనికి స్థిరపడింది. చాలాసార్లు బిడ్డ హుషారుగానే ఆడుకుంటూ ఉంటుంది. స్నానం చేయిస్తున్నప్పుడో గౌను తొడుగుతున్నప్పుడో పొట్టలో ఒక పక్కన గట్టిగా గడ్డ తల్లి చేతికి తగులుతుంది. దాన్ని పదేపదే నొక్కి చూడకూడదు. పగిలితే క్యాన్సర్ కణాలు పొట్టలో పరుచుకుని చికిత్స కఠినమవుతుంది.

ఒకప్పుడు ఆపరేషన్ ఒక్కటే దిక్కు. 1950లలో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ బృందం ఆపరేషన్‌కూ రేడియేషన్‌కూ ఆక్టినోమైసిన్-డి అనే మందును జోడించాక బతికే పిల్లల సంఖ్య బాగా పెరిగింది. అరుదైన జబ్బు కావడంతో ఏ ఒక్క ఆస్పత్రీ తనకు వచ్చే కొద్దిమంది రోగులతో ఏ పద్ధతి మేలో తేల్చలేదు. అందుకే 1969లో అమెరికాలో అనేక ఆస్పత్రులు కలిసి జాతీయ విల్మ్స్ ట్యూమర్ అధ్యయనాన్ని మొదలుపెట్టాయి. ఆక్టినోమైసిన్, విన్‌క్రిస్టిన్‌లలో ఏ ఒక్కదానికన్నా రెండూ కలిపి ఇవ్వడమే మేలని మొదటి దశలోనే తేలింది. క్యాన్సర్ కిడ్నీ దాటకుండా ఉండి, దాన్ని పూర్తిగా తీసేసిన రెండేళ్లలోపు పిల్లలకు రేడియేషన్ అక్కర్లేదని కూడా తెలిసింది. ఎదిగే వెన్నెముకకు రేడియేషన్ తగిలితే ఎదుగుదల దెబ్బతిని నడుము వంకరపోవచ్చు. ఆ పసివాళ్లకు ఇది ఎంత పెద్ద ఊరటో చెప్పనక్కర్లేదు.

యూరప్ బృందాలు 1971 నుంచి మరో దారి పట్టాయి: ముందు చికిత్సతో గడ్డను కుదించి, తర్వాతే ఆపరేషన్ చేయడం. మొదట రేడియేషన్ వాడినా, తర్వాత ఆ స్థానంలోకి కీమో వచ్చింది. ముందు ఆపరేషనా, ముందు మందులా అన్న చర్చ ఇంకా ముగియలేదు. రెండు దారుల్లోనూ ఇప్పుడు పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది బతుకుతున్నారు.

అందుకే ఇటీవలి పరిశోధనల్లో మందు పెంచడంకన్నా తగ్గించడమే ముఖ్యమైంది. ఎర్రగా ఉండే డాక్సోరూబిసిన్ క్యాన్సర్‌ను అణచినా, ఏళ్ల తర్వాత గుండెను బలహీనపరచగలదు. యూరప్ ఆధ్వర్యంలో 2001లో మొదలైన ట్రయల్‌లో మధ్యస్థ ప్రమాదం గల రెండు, మూడో దశల పిల్లలను చీటీ వేసినట్టు రెండు గుంపులుగా విడదీసి, ఒక గుంపుకు ఆ మందు మానేశారు. 2015లో ఫలితాలు వచ్చాయి. మానేసిన వారిలో జబ్బు తిరగబెట్టడం కొంచెం ఎక్కువే. అయితే వారికి తర్వాత ఇచ్చిన చికిత్స పనిచేయడంతో ఐదేళ్లకు బతికి ఉన్నవారి శాతంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. అమెరికాలో మరో అధ్యయనం ఇంకో అడుగు ముందుకేసింది. రెండేళ్ల లోపు వయసు, మొదటి దశ, కిడ్నీతో కలిపి గడ్డ బరువు 550 గ్రాముల లోపు: ఇలా అన్నీ అనుకూలించిన పిల్లలకు ఆపరేషన్ తప్ప మరేమీ ఇవ్వలేదు. జబ్బు తిరగబెట్టిన కొద్దిమందికి అప్పుడు కీమో ఇచ్చి కాపాడారు.

పేద దేశాల్లో సమస్య వేరు. అక్కడ ప్రయాణ ఖర్చులకు లేక చికిత్సను మధ్యలోనే వదిలేస్తారు. మలావి, ఘనా, కామెరూన్ వంటి ఆఫ్రికా దేశాల్లోని ఆస్పత్రులు ఉమ్మడి చికిత్సా పద్ధతిని పాటిస్తూ కుటుంబాలకు ప్రయాణ, చికిత్స ఖర్చుల్లో సాయం చేశాయి. అంతకుముందు 23 శాతంగా ఉన్న మధ్యలో మానేసేవారు 12 శాతానికి తగ్గారు.